ఇంజన్ను మూలన పెట్టే ముందు

— మూడవ సంవత్సరం బి.ఎస్సీ. (ఎం.పి.సి.) విద్యార్థి

కదిలే ఇనుము మెరుస్తుంది. కదలని ఇనుము తుప్పు పడుతుంది. నాగలి కర్రును చూసిన వారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. దుక్కి సాగినన్నాళ్ళూ కర్రు అద్దంలా తళతళలాడుతుంది. పని అయ్యాక చూరులో దోపితే రెండు వానలకే ఎర్రబారుతుంది. మళ్ళీ ఏడాది దుక్కిలో దిగగానే మట్టి రాపిడికి ఆ తుప్పు కాస్తా రాలిపోతుంది, కర్రు ఎప్పటిలా మెరుస్తుంది.

కారు ఇంజను సంగతి వేరు. దాని లోపల పట్టిన తుప్పు తనంతట తాను రాలదు. రాలినా ఇంజన్నే గీరి పాడుచేస్తుంది. మా ఊరి మెకానిక్ బాబాయి ఒక మాట అంటుంటాడు: "ఇంజను పరుగెత్తి చావదురా అబ్బాయ్, పడుకుని చస్తుంది." ఆ మాట వెనక ఉన్న రసాయనశాస్త్రం ఏమిటి, పడుకోబెట్టే ముందు ఇంజనుకు ఏమేం చేయాలి అన్నదే ఈ వ్యాసం.

ఈ విషయం ఎవరికి కావాలి అని కొందరు అడగవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఎన్ని వాహనాలు నెలల తరబడి కదలకుండా నిలిచిపోయాయో మనమంతా చూశాం. మన కళాశాలలో చదివి విదేశాలకు వెళ్ళిన అన్నలు, అక్కలు ఎందరో తమ కార్లను తల్లిదండ్రుల ఇళ్ళ ముందు వదిలి వెళ్ళారు. ఇక పల్లెటూళ్ళలో సరేసరి. బాడీ పోయిన కారు నుంచి దింపిన ఇంజనో, కరెంటు మోటారు వచ్చాక పక్కన పెట్టిన ఆయిలింజనో లేని వాడ ఉండదు.

ఉదాహరణగా నేను అంబాసిడర్ పెట్రోలు ఇంజన్ను తీసుకుంటున్నాను. 1950ల చివర మొదలై 2014 మే నెల దాకా తయారైన ఆ కారు మన రోడ్ల మీద అందరికీ తెలిసినదే. దాని పాత పెట్రోలు ఇంజను నాలుగు సిలిండర్లది, 1489 సి.సి. బ్లాకూ, హెడ్డూ రెండూ పోత ఇనుమే. పిస్టన్లు మాత్రం అల్యూమినియం మిశ్రమం. మా ఇంట్లోనూ అటువంటి కారు ఒకటి ఉండేది. అడుగు భాగాన్ని తుప్పు తినేసినా ఇంజను గట్టిగా ఉందని దాన్ని దింపి దాచారు. ఆ రోజు పక్కన నిలబడి చూసినవీ, క్లాసులో చదువుకున్నవీ కలిపి వ్రాస్తున్నాను.

నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి?

తుప్పుకు నీరు కావాలి. వాన తగలకుండా కప్పి ఉంచితే చాలు గదా అని చాలామంది అనుకుంటారు. కాని ఇంజను లోపలికి నీరు పైనుంచి రానక్కరలేదు. అది తాగిన పెట్రోలే నీటిని తయారుచేస్తుంది.

లెక్క చూద్దాం. పెట్రోలుకు ప్రతినిధిగా ఆక్టేన్‌ను తీసుకుంటే, 114 గ్రాముల ఆక్టేన్‌లో 18 గ్రాముల హైడ్రోజన్ ఉంటుంది. అది గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండితే 162 గ్రాముల నీరు తయారవుతుంది. అనగా, కాలిన ఇంధనం బరువు కంటే పుట్టిన నీటి బరువే ఎక్కువ! లీటరు పెట్రోలు బరువు సుమారు 740 గ్రాములు. దాని నుంచి వచ్చే నీరు వేయి గ్రాములు దాటుతుంది. లీటరు పెట్రోలు కాలిస్తే ఇంచుమించు లీటరు నీరు పుడుతుందన్నమాట.

ఇంజను వేడిగా ఉన్నంతసేపూ ఆ నీరంతా ఆవిరిగా సైలెన్సర్ దారిన పోతుంది. కాని కొంత వాయువు పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందకు, ఆయిల్ చాంబరులోకి దిగుతుంది. ఇంజను చల్లబడగానే అక్కడి ఆవిరి నీటిబొట్లుగా మారి ఆయిల్లో కలుస్తుంది. దానితోబాటే నైట్రోజన్ ఆక్సైడులు, గంధకపు ఆక్సైడులు కూడా నీటిలో కరిగి ఆమ్లాలవుతాయి. 2020 ఏప్రిల్ నుంచి మన పెట్రోలులో గంధకం పదిలక్షల పాళ్ళకు పది పాళ్ళకు మించకుండా తగ్గించారు కనుక ఆ బాధ చాలావరకు తగ్గింది. మిగతా ఆమ్లాల బాధ మాత్రం అలాగే ఉంది.

ఇంజన్ ఆయిల్లో ఈ ఆమ్లాలను విరిచేందుకు కొన్ని క్షార పదార్థాలు కలుపుతారు. మనం లేబరేటరీలో చేసే టైట్రేషన్ లాంటిదే అక్కడ రోజూ జరుగుతుంటుంది. ఆయిల్ పాతబడేకొద్దీ ఆ క్షారం ఖర్చయిపోతుంది. నల్లబడిన పాత ఆయిల్‌తో ఇంజన్ను నిలవబెట్టడమంటే బేరింగులను పలచని ఆమ్లంలో ఊరబెట్టడమే.

తుప్పు ఒక బ్యాటరీ

ఇనుము తుప్పు పట్టడం ఉత్త రసాయన చర్య కాదు, విద్యుత్ రసాయన చర్య. ఇనుము మీద ఒక నీటిబొట్టు ఉందనుకోండి. బొట్టు మధ్యలో ఇనుము పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి దిగుతాయి. బొట్టు అంచున గాలిలోని ఆక్సిజన్ ఆ ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. అంటే ఒక్క నీటిబొట్టు కింద ఒక చిన్న బ్యాటరీ పనిచేస్తోందన్నమాట. ఆ నీటిలో ఉప్పో ఆమ్లమో ఉంటే కరెంటు ఇంకా సులభంగా పారుతుంది, తుప్పు ఇంకా వేగంగా పడుతుంది. రెండు వేరువేరు లోహాలు తగులుతుంటే బాధ మరీ ఎక్కువ. ఇనుప సిలిండరులో అల్యూమినియం పిస్టన్ ఉండనే ఉంది.

పిస్టన్‌కూ సిలిండరుకూ నడుమ ఉండే సందు వెంట్రుక మందమంత. రింగులైతే సిలిండరు గోడను ఒరుసుకునే ఉంటాయి. ఇనుము తుప్పుగా మారితే అంతకుముందు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అంత ఇరుకులో అది ఎక్కడికి పోతుంది? రింగునూ గోడనూ కలిపి బిగించేస్తుంది. మెకానిక్కులు "ఇంజను పట్టేసింది" అనేది దీన్నే.

గాలిలో తేమ ఎంత ఉంటే ప్రమాదం? ఈ ప్రశ్నకు 1930ల ప్రాంతంలోనే వెర్నన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ప్రయోగాలతో జవాబు చెప్పాడు. సాపేక్ష ఆర్ద్రత ఒక హద్దు దాటనంతవరకు ఇనుము మీద తుప్పు నామమాత్రం. అది దాటగానే ఒక్కసారిగా పెరుగుతుంది. ఆ హద్దు సుమారు 60 శాతం. వానాకాలంలో మన ఊళ్ళలో గాలి రోజుల తరబడి ఆ హద్దుకు పైనే ఉంటుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో దానికి ఉప్పుగాలి తోడు.

మంచు సంగతి కూడా చెప్పుకోవాలి. 30 డిగ్రీల దగ్గర నిండుగా తేమ ఉన్న ఘనపు మీటరు గాలిలో దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే గాలి 20 డిగ్రీలకు చల్లబడితే 17 గ్రాములకు మించి నిలవదు. మిగిలిన 13 గ్రాములూ ఏదో ఒక చల్లని వస్తువు మీద నీరుగా దిగవలసిందే. ఇంజను బరువైన ఇనుప ముద్ద. రాత్రి చల్లబడితే పొద్దెక్కినా త్వరగా వేడెక్కదు. ఉదయపు వెచ్చని గాలి దాన్ని తాకగానే చెమటపట్టినట్టు తడుస్తుంది. ఐసు నీళ్ళ గ్లాసు బయట బొట్లు పట్టేది కూడా ఇందుకే.

పోయేది ఏమిటి?

మాది కృష్ణా డెల్టాలో కాలువ చివరి ఊరు. మా పెదనాన్నగారి చేల పక్కనే మురుగు కాలువ పారుతుంది. పూర్వం అందులోంచి అయిదు హార్సుపవరు ఆయిలింజనుతో నీళ్ళు తోడేవారు. తరువాత కరెంటు మోటారు వచ్చింది. ఇంజన్ను తీసుకెళ్ళి గొడ్లసావిట్లో ఒక మూల పెట్టి గోనెపట్టా కప్పారు. నాలుగేళ్ళు ఎవరూ దాని ముఖం చూడలేదు. ఒక ఏడు వరి పొట్టమీద ఉండగా కాలువ నీరు చివరికి అందలేదు, అదే వారం ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఇంజను ఉంది గదా అని గోనెపట్టా తీసి హ్యాండిల్ వేస్తే అది కదలలేదు. ఇద్దరు మగవాళ్ళు వేలాడినా కదలలేదు. టౌనుకు తీసుకెళ్ళి విప్పించి, సిలిండరు బోరింగు చేయించి తెచ్చేసరికి పది రోజులు గడిచాయి. పొట్టమీద ఉన్న వరి పది రోజులు ఆగుతుందా? ఎకరంన్నర చేను తాలు పోయింది.

ఆ ఇంజను పరుగెత్తి అరిగిపోలేదు. ఎంతో పని చేయగల ఇంజనే. దానికి కావలసిందల్లా మూలన పెట్టే ముందు ఒక పూట పని. ఆ ఒక పూటలో ఏం చేయాలో వరుసగా చెబుతాను.

మొదటి పని: వేడిచేసి ఆయిల్ మార్చడం

ఇంజను ఇంకా కారులోనే ఉండి, నడిచే స్థితిలో ఉంటే దాన్ని ముందుగా బాగా వేడెక్కనివ్వాలి. ఇంటి ముందు అయిదు నిమిషాలు ఊరికే తిప్పితే చాలదు. పది పదిహేను కిలోమీటర్లు నడిపి రావాలి. అప్పుడు ఆయిల్లోని నీరు ఆవిరై పోతుంది, అడుగున ఉన్న మడ్డి కూడా లేచి ఆయిల్లో కలుస్తుంది. ఆ వేడి మీదనే పాత ఆయిల్ దించి, ఫిల్టరు మార్చి, కొత్త ఆయిల్ పోయాలి. అంబాసిడర్‌కు నాలుగు లీటర్లు అటూ ఇటూ పడుతుంది. పోసిన తరువాత కొద్ది నిమిషాలు తిప్పితే కొత్త ఆయిల్ బేరింగులన్నిటికీ అందుతుంది.

దించిన పాత ఆయిల్‌ను బోదెల్లోనూ, బావి దగ్గరా పారబోయవద్దు. డబ్బాలో పట్టి పాత ఆయిల్ కొనేవారికి ఇవ్వాలి. చేతులు కూడా వెంటనే సబ్బుతో కడుక్కోవాలి. అది చర్మానికి మంచిది కాదు.

రెండవ పని: పెట్రోలు తీసేయడం

నిలవ పెట్రోలు గాలి తగిలి మెల్లగా జిగురుగా మారుతుంది. కార్బురేటర్లోని సన్నని జెట్లను ఆ జిగురు మూసేస్తుంది. ఇప్పుడు దీనికి ఇంకో చిక్కు తోడైంది. 2022 నాటికి మన దేశంలో పెట్రోలులో పది శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం నెరవేరింది. 2025 నాటికి అది ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. హద్దు మీరి నీరు చేరితే ఇథనాలూ నీరూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుగుకు దిగుతాయి. ఆ అడుగు ద్రవం ఇనుప ట్యాంకునూ, కార్బురేటర్‌నూ కొరికేస్తుంది. పాతకాలపు రబ్బరు పైపులు కూడా ఇథనాల్‌కు తట్టుకునేలా చేసినవి కావు.

కనుక ట్యాంకు ఖాళీ చేయాలి, కార్బురేటర్ గిన్నెలో మిగిలినది కూడా దించాలి. ఈ పని ఆరుబయట, పగటిపూట చేయాలి. చుట్టుపక్కల పొయ్యిగాని బీడీగాని ఉండరాదు.

మూడవ పని: చల్లబరిచే నీరు

పుస్తకాలలో ఈ చోట "నీరు గడ్డకట్టి బ్లాకు పగులుతుంది" అని ఉంటుంది. అది చలిదేశాల బాధ. మనకు ఆ భయం లేదు. మన బాధ వేరు. చాలామంది రేడియేటర్లో బోరునీళ్ళే పోస్తారు. ఆ నీటిలోని లవణాలు బ్లాకు లోపలి దారుల్లో తుప్పునూ, గారనూ పెంచుతాయి.

దీనికి రెండే పద్ధతులు ఉన్నాయి. తుప్పును నివారించే మందు కలిసిన కూలెంట్‌ను మంచి నీటితో కలిపి పైదాకా నింపి ఉంచడం ఒకటి. మొత్తం దించేసి లోపల తడి లేకుండా ఆరబెట్టడం రెండోది. సగం నీరు ఉంచడం మాత్రం అన్నిటికంటే చెడ్డపని. నీరూ గాలీ కలిసే గీత దగ్గరే తుప్పు జోరుగా పడుతుంది. బావిలో దింపిన ఇనుప పైపు నీటిమట్టం దగ్గరే ముందుగా పోవడం రైతులందరికీ అనుభవమే.

కారు నుంచి దింపిన ఇంజనుకు రెండో పద్ధతే నయం. రేడియేటర్ నీళ్ళు దించినంత మాత్రాన బ్లాకులో నీళ్ళు పోవు. బ్లాకు పక్కన వేరే కుళాయి ఉంటుంది, దాన్నీ విప్పాలి. మడ్డి అడ్డుపడితే సన్నని తీగతో పొడవాలి.

నాలుగవ పని: సిలిండర్లలో ఆయిల్

అసలు ప్రాణం ఇక్కడే ఉంది. ఇంజను ఆగినప్పుడు సిలిండరు గోడలమీద ఉన్న పలచని ఆయిల్ పొర కొద్ది వారాలలో కిందకు జారిపోతుంది. ఇనుము బట్టబయలవుతుంది. దానిని మళ్ళీ పూత పూయాలి.

నాలుగు ప్లగ్గులూ విప్పి ఒక్కొక్క సిలిండరులో రెండు పెద్ద చెంచాల ఆయిల్, అనగా ముప్ఫై మి.లీ. లోపల, పోయాలి. తరువాత ముందు పుల్లీ నట్టుకు పానా తగిలించి చేత్తో మెల్లగా నాలుగైదు చుట్లు తిప్పితే ఆయిల్ గోడలంతా పరుచుకుంటుంది. ప్లగ్గులు తిరిగి బిగించాలి. నిలవ కోసమే ప్రత్యేకంగా చేసే ఆయిళ్ళు దొరికితే మరీ మంచిది. అవి ఇనుమును అంటిపెట్టుకుని త్వరగా జారవు.

ఎక్కువ పోస్తే ఇంకా మంచిది గదా? కాదు. ఒక్కొక్క సిలిండరు కొలత సుమారు 372 సి.సి. కంప్రెషన్ నిష్పత్తి ఏడెనిమిది మధ్య ఉండే ఇంజన్లో పిస్టన్ పైకి వచ్చినప్పుడు దాని తలమీద మిగిలే చోటు యాభై, అరవై మి.లీ. మాత్రమే. అందులో అంతకు మించి ఆయిల్ ఉంటే పిస్టన్ పైకి రాలేదు. గాలిని నొక్కవచ్చు, ద్రవాన్ని నొక్కలేం. అది తెలియక సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

ఏ ఆయిల్ అన్నది ఇంకో ప్రశ్న. మన పెద్దలు బండి ఇరుసుకు ఆముదం రాసేవారు. ఆముదం గొప్ప కందెన, ఇందులో సందేహం లేదు. మొదటి ప్రపంచయుద్ధం నాటి విమానాల రోటరీ ఇంజన్లు దానితోనే నడిచాయి. కాస్ట్రాల్ అనే పేరులోని 'కాస్టర్' మన ఆముదమే. కాని అది నడిచే ఇంజనుకు పనికివచ్చే నూనె, నిలిచే ఇంజనుకు కాదు. గాలి తగిలి నిలవ ఉంటే చెట్టునూనెలు చిక్కబడి జిగురవుతాయి. కొబ్బరినూనె, పామాయిల్ వంటివి కూడా ఇందుకు పనికిరావు. కిరసనాయిలు కడగడానికి మంచిదే గాని, అది ఉన్న ఆయిల్ పొరను కూడా కడిగేసి ఆరిపోతుంది. దానితో కడిగితే వెంటనే మంచి ఆయిల్ పూయాలి.

అయిదవ పని: రంధ్రాలు మూయడం

ఇంజను ఎక్కడ ఆగినా, ఏదో ఒక సిలిండరులో వాల్వు తెరిచే ఉంటుంది. ఆ దారిన గాలి నేరుగా లోపలికి పోతుంది. ఎలుకలు, మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు కూడా పోతాయి.

మూసినా గాలి కొంత పోతూనే ఉంటుంది. లోపల అయిదు లీటర్ల గాలి ఉందనుకుందాం. పగటికీ రాత్రికీ పది డిగ్రీల తేడా ఉంటే, చార్లెస్ సూత్రం ప్రకారం రోజుకు సుమారు 160 మి.లీ. గాలి బయటకు పోయి మళ్ళీ లోపలికి వస్తుంది. ఏడాదికి అరవై లీటర్ల దాకా. అంటే మూలన పడి ఉన్న ఇంజను కూడా ఊపిరి పీలుస్తుందన్నమాట! కనుక మూత ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది. గాలి తీసుకునే నోరు, పొగ పోయే నోరు, నీటి పైపుల నోళ్ళు, ఆయిల్ పోసే మూత దగ్గరి గాలిగొట్టం, అన్నిటికీ మందపాటి ప్లాస్టిక్ కాగితం చుట్టి టేపు వేయాలి. గుడ్డపీలికలు కుక్కవద్దు. అవి తేమ పీలుస్తాయి, తీయడం మరచిపోతే ఇంజను లోపలికే పోతాయి.

నిగనిగలాడే భాగాలకు, అనగా ఫ్లైవీల్ ముఖానికి, పుల్లీకి, విప్పిన నట్టుబోల్టులకు గ్రీజు పూయాలి. పూసేముందు బయటి దుమ్మంతా కడిగి ఆరబెట్టాలి. దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది. దాని మీదే గ్రీజు పూస్తే తేమను లోపల పెట్టి తలుపు వేసినట్టే.

చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచులు కూడా వాడవచ్చు. విమానాల పిస్టన్ ఇంజన్లను నిలవచేసేటప్పుడు ప్లగ్గుల స్థానంలో సిలికా జెల్ నింపిన ప్రత్యేకమైన బిరడాలు బిగిస్తారు. లోపల చెమ్మ చేరితే ఆ జెల్ రంగు మారి బయటికి చెబుతుంది. తడిసిన జెల్‌ను 120 డిగ్రీల దగ్గర వేడిచేస్తే మళ్ళీ పనికివస్తుంది. నీలి రంగు జెల్‌లో కోబాల్టు లవణం ఉంటుంది. దాన్ని పిల్లలకు అందనీయరాదు.

ఎక్కడ పెట్టాలి?

పల్లెటూరిలో ఈ ప్రశ్నకు ఒకటే జవాబు: గొడ్లసావిడి, లేకపోతే ఎరువుల కొట్టు. ఇనుముకు ఈ రెండింటి కంటే చెడ్డచోటు వెతికినా దొరకదు.

యూరియా బస్తా చూడండి. 30 డిగ్రీల వేడిలో గాలిలో తేమ సుమారు 73 శాతం దాటితే చాలు, అది నీరు పీల్చి చెమ్మగిల్లుతుంది. పొటాష్ ఎరువు అంటే పొటాషియం క్లోరైడు, అదీ ఒక ఉప్పే. దాని ధూళి ఇంజను మీద పడితే తుప్పు బ్యాటరీకి కావలసిన ఉప్పునీరు సిద్ధంగా దొరికినట్టే. బ్యాటరీని కూడా ఇంజను పక్కన పెట్టరాదు. దాని ఆమ్లపు ఆవిరులు లోహానికి చేటు.

గొడ్లసావిట్లో పశువుల ఊపిరి, పంచితం వల్ల గాలి ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. పంచితంలోని యూరియా నుంచి అమ్మోనియా కూడా పుడుతుంది. ఇనుము కంటే ఇత్తడికి అది పెద్ద శత్రువు. దీనికి మన దేశంలోనే జరిగిన ఒక కథ ఉంది. బ్రిటిష్ సైన్యం వారు మన దేశంలో వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో నిలవచేసేవారు. ఆ తూటాల ఇత్తడి గొట్టాలు ఎవరూ తాకకుండానే నిలువునా పగిలిపోయేవి. ఎందుకో చాలాకాలం బోధపడలేదు. 1921లో బ్రిటన్ శాస్త్రవేత్తలు కారణం తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి పుట్టిన అమ్మోనియా, గాలిలోని తేమ, తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు మూడూ కలిస్తేనే ఆ పగుళ్ళు. మన కార్బురేటర్ జెట్లు, పాతకాలపు రేడియేటర్లు ఇత్తడి, రాగి భాగాలే. గుర్రాల బదులు గేదెలున్నంత మాత్రాన అమ్మోనియా మారదు.

కనుక ఇంజన్ను ఎత్తయిన, పొడి గది చూసి పెట్టాలి. మట్టినేల మీదగాని, సిమెంటు గచ్చు మీదగాని నేరుగా పెట్టరాదు. నేలలోని చెమ్మ పైకి ఎగబాకుతుంది. కర్రదుంగల మీద, నిటారుగా, కదలకుండా నిలబెట్టాలి. గోనెపట్టా కప్పితే నీటిగుడ్డ కప్పినట్టే. ప్లాస్టిక్ పట్టా నేలదాకా బిగించి కప్పినా లోపల చెమటపడుతుంది. పైన కప్పి, కింద గాలి ఆడేలా వదలాలి.

నెలకోసారి స్టార్ట్ చేయాలా?

కారులోనే ఉన్న ఇంజన్ను నెలకోసారి అయిదు నిమిషాలు తిప్పి ఆపడం చాలామంది అలవాటు. మంచి ఉద్దేశమే గాని, ఫలితం చెడు. మొదటి లెక్క గుర్తు చేసుకోండి. కాలిన పెట్రోలుకు సమానంగా నీరు పుట్టింది, దాన్ని ఆవిరిగా తరిమేంత వేడి మాత్రం పుట్టలేదు. నెలనెలా ఇంజనుకు నీళ్ళు తాగించినట్టయింది. స్టార్ట్ చేస్తే బాగా వేడెక్కేదాకా నడపాలి, లేదా ముట్టుకోకూడదు.

చేత్తో తిప్పడం మీద మాత్రం రెండు అభిప్రాయాలున్నాయి. మన మెకానిక్కులు రెండు మూడు నెలలకోసారి తిప్పమంటారు. రింగులు ఒకేచోట పట్టేయకుండా, వాల్వు స్ప్రింగులు ఒకే బరువు మోయకుండా ఉంటాయన్నది వారి వాదన. విమాన ఇంజన్లు చేసే లైకమింగ్ కంపెనీ మాత్రం, తుప్పు పట్టకుండా చేత్తో తిప్పుతూ ఉండడం మంచిది కాదంటుంది. రింగులు గోడమీది ఆయిల్ పొరను తుడిచేస్తాయని కారణం. రెండింటినీ కలిపి చూస్తే మార్గం తోస్తుంది: తిప్పదలిస్తే ముందు ప్లగ్గులు విప్పి కాసిని చుక్కల ఆయిల్ వేసి తిప్పాలి. మూసిపెట్టి ఏడాదిలోపే తీసేదయితే కదపకుండా వదలడమే మేలు.

డీజిల్ ఇంజనుకు కూడా సూత్రాలు ఇవే. ప్లగ్గుల బదులు ఇంజెక్టర్లుంటాయి, వాటిని విప్పి ఆయిల్ వేయాలి. మెకానిక్ సాయం ఉంటే మంచిది.

మళ్ళీ లేపేటప్పుడు

నిద్రలేపడం కూడా మెల్లగానే జరగాలి. వెంటనే సెల్ఫ్ కొట్టరాదు. మూతలన్నీ తీశామా లేదా చూసుకోవాలి. ఇందుకోసం మూలన పెట్టిన రోజునే ఒక అట్టముక్క మీద తేదీ, పోసిన ఆయిల్, మూసిన రంధ్రాల సంఖ్య, నీళ్ళు దించిన సంగతి వ్రాసి ఇంజనుకే కట్టాలి. మనం పరీక్షల్లో వ్రాసే జవాబుల కంటే ఆ అట్టముక్క ఎక్కువమందికి ఉపయోగపడుతుంది.

ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో పలచని ఆయిల్ వేసి ఒక రోజు నాననిచ్చి, చేత్తో తిప్పాలి. బిగిసి ఉంటే సుత్తితో కొట్టవద్దు, మరి నాలుగు రోజులు నాననివ్వాలి. తేలికగా తిరిగితే పాత ఆయిల్ మార్చాలి. ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా చూడాలి. అప్పుడు ప్లగ్గులు బిగించి, నీళ్ళు, తాజా పెట్రోలు పోసి స్టార్ట్ చేయాలి. మొదట కాసేపు తెల్లని పొగ వస్తుంది. అది మనం పోసిన ఆయిలే, కంగారు పడనక్కరలేదు.

చివరగా

ఇనుము భూమిలో పుట్టింది ఇనుముగా కాదు, ఆక్సైడుగా. బయ్యారం గుట్టల్లోని ఎర్రరాయి అదే. మనిషి దాన్ని బట్టీలో కాల్చి, ఆక్సిజన్‌ను బలవంతంగా విడదీసి ఇనుము చేశాడు. అది ఎప్పుడూ తన పుట్టింటికి పోదామనే చూస్తుంటుంది. తుప్పు అంటే ఆ ప్రయాణమే. దాన్ని పూర్తిగా ఆపడం ఎవరితరమూ కాదు, కాని ఆలస్యం చేయడం మన చేతిలో ఉంది. దానికయ్యే ఖర్చు నాలుగు లీటర్ల ఆయిల్, కాస్త గ్రీజు, ఒక టేపుచుట్ట, ఒక పూట పని. ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంట్లో మూలనపడ్డ ఇంజను ఏదయినా ఉంటే ఒక్కసారి గోనెపట్టా ఎత్తి చూడండి. చేతికి తిరిగితే, ఆ పూట పని ఆ రోజే మొదలుపెట్టండి.